2024–25 వార్షిక నివేదిక: ఆపద నిధి, ఒక్క రూపాయి ఎంట్రీలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. మామూలు పనులు ముందే చెప్పేస్తాను. పడమటి వీధి కాలువకు మూతలు వేయించాం. పార్కు బోరు మోటారు రెండుసార్లు కాలిపోయింది, రెండుసార్లూ బాగు చేయించాం. వీధిదీపాల కోసం కార్పొరేషన్ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగామో లెక్క రాసుకోలేదు, దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. జులైలో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గాకు వచ్చేవాళ్ళ కోసం మూడు రోజులు మజ్జిగ పంచాం. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బియ్యం, నీళ్ళ సీసాలు, దుప్పట్లు ఒక వ్యానులో పంపాం. దానికి పట్టింది రెండు రోజులు. ఎవరూ రసీదు అడగలేదు. టీవీలో నీళ్ళు కనబడుతున్నాయి, పైగా 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజులు మనం మరిచిపోలేదు. చిరిగిన చీరలు కూడా కొన్ని వచ్చాయి. వాటిని వ్యాను ఎక్కించలేదని ఇక్కడ చెప్పుకోక తప్పదు.

ఈ ఏడాది సంఘానికి ఎక్కువ పని పెట్టింది, ఎక్కువ మాటలు పడేలా చేసింది మాత్రం ఆపద నిధి. దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆటో అన్న విషయం

మన పిల్లల్ని 12 ఏళ్ళుగా బడికి దింపే ఆటో అన్నను జూన్ నెలాఖరులో కోవూరు దాటాక హైవే మీద లారీ గుద్దింది. బాడుగకు పోయి తిరిగొస్తున్నాడు. తుంటి ఎముక విరిగింది. దారినపోయేవాళ్ళు దగ్గర్లో ఉందని చేర్చిన ఆస్పత్రి ఎన్టీఆర్ వైద్య సేవ (పూర్వపు ఆరోగ్యశ్రీ) జాబితాలో లేదు. ఇంట్లోవాళ్ళు చేరుకునేసరికి ఆపరేషన్‌కు ఏర్పాట్లు మొదలైపోయాయి. కాబట్టి ‘కార్డు ఉందిగా, చందా ఎందుకు?’ అని గ్రూపులో అడిగినవారికి జవాబు ఇదే: కార్డు ఉంది, ఆ ఆస్పత్రిలో అది చెల్లదు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆయన మేనల్లుడు ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచి లింకు మన గ్రూపులో పెట్టాడు. ఇలాంటి వేదికలు మన దేశానికి కొత్తవి కావు. బెంగళూరులో మిలాప్ 2010లో మొదలైంది, ముంబయిలో కెట్టో 2012లో. అబ్బాయి ఏ వేదిక వాడాడన్నది ఇక్కడ అనవసరం. పది రోజుల్లో వచ్చింది 18,500 రూపాయలు, అదీ చాలావరకు అతని స్నేహితుల దగ్గర్నుంచే. రెండు వందల పైచిలుకు ఇళ్ళున్న మన కాలనీ నుంచి ఇచ్చినవాళ్ళు నలుగురు.

మనవాళ్ళు పిసినారులని నేను ఒప్పుకోను. గుడి దగ్గర అన్నదానానికి బియ్యం బస్తా కావాలంటే సాయంత్రంలోపు మూడు వస్తాయి. ఆటో అన్న తెలియని ఇల్లూ లేదు. మరి నలుగురే ఎందుకిచ్చారు? కోశాధికారి, నేను రెండు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి అడిగాం.

ఒక రిటైర్డ్ టీచరమ్మ అన్నారు: “లింకు నొక్కితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోతారంట కదా సార్. చేతిలో పెట్టమంటే పెడతా, సెల్లులో పెట్టమంటే ఎట్టా?” ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. అంతకు ముందు నెలే, మే నెలలో, మన గ్రూపులోకే ఒక పసిబిడ్డ ఫొటోతో విజ్ఞప్తి వచ్చింది. ఫొటో నిజమైనదే, ఎవరో పాపం తమ బిడ్డ కోసం ఎప్పుడో పెట్టుకున్నది. కింద ఫోన్ నంబరు మాత్రం మార్చేశారు. మన సభ్యుడొకరు 3,000 పంపారు. మర్నాడు అనుమానం వచ్చి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. అప్పటికే ఆ ఖాతా ఖాళీ. డబ్బు పోతే పోయింది, ఆ తర్వాత వచ్చిన ప్రతి లింకూ మనవాళ్ళ కళ్ళకు ఆ లింకులాగే కనబడుతోంది.

ఇంకొకాయన నిజంగా పేజీలోకి వెళ్ళి వెయ్యి ఇద్దామనుకుంటే 1,120 కట్ అయింది. ఆ 120 వేదిక నడిపేవాళ్ళకు టిప్పట. ముందే టిక్కు పెట్టి ఉంటుంది, మనం చూసుకుని తీసేయాలి. “దానం చేసేదాంట్లో కూడా సర్వీస్ చార్జీనా?” అని ఆయన కోపం. నా అభిప్రాయం కాస్త వేరు. వెబ్‌సైట్ నడపడానికి, కాగితాలు సరిచూడటానికి మనుషులు కావాలి, వాళ్ళకు జీతాలివ్వాలి. రోగికి వచ్చే దాంట్లో కోసే కంటే ఇచ్చేవాడిని అడగడమే మేలు. కానీ అడగాలి. అడగకుండా టిక్కు పెట్టి ఉంచడాన్ని అడగడం అనరు.

కమిటీలో ఒక కుర్రాడు గట్టిగా వాదించాడు. 2021లో హైదరాబాద్‌లో మూడేళ్ళ బాబుకు 16 కోట్ల ఇంజెక్షన్ ఇలా పోగుచేసిన డబ్బుతోనే వచ్చింది, 60 వేల మందికి పైగా ఇచ్చారు, మనమెందుకు ఇంత భయపడాలి అని. “ఆ 60 వేల మందీ మన ఆటో అన్నకు ఇవ్వరు కదబ్బయా. ఇచ్చేది ఈ రెండు వందల ఇళ్ళు, వీళ్ళకేమో లింకంటే భయం” అన్నారు కోశాధికారి. ఆ మాటతో సంఘమే వసూలు చేయాలని తీర్మానించాం.

నేను చేసిన తప్పు

తీర్మానమైన రోజు రాత్రే తొందరపడి నా సొంత ఫోన్ క్యూఆర్ కోడ్ గ్రూపులో పెట్టేశాను. నాలుగు రోజులు డబ్బు నా ఖాతాలోకి వచ్చింది. మధ్యలో మా అబ్బాయి పంపింది, గ్యాస్ సిలిండర్‌కు కట్టింది, పాల లెక్క అన్నీ కలిసిపోయాయి. ఒక సభ్యుడు “లెక్క మీ పాస్‌బుక్‌లో ఉందా, సంఘం పుస్తకంలో ఉందా?” అని గ్రూపులోనే అడిగారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. అడగడం న్యాయమే. మర్నాడు స్టేట్‌మెంట్ తీసి, ఆపద నిధి తాలూకు ప్రతి ఎంట్రీకి పసుపు రంగు గీసి, మొత్తం సంఘం ఖాతాకు మార్చి, ఆ కాగితం ఫొటో గ్రూపులో పెట్టాను. ఆ తర్వాతే సంఘం పేరున క్యూఆర్ కోడ్ తీసుకున్నాం.

ఆ కోడ్ వచ్చాక ఒక విచిత్రం జరిగింది. లెక్కల పుస్తకంలో వరసగా ఒక్క రూపాయి ఎంట్రీలు, మొత్తం 31. ఆడిటర్ “ఏంది సార్ ఈ రూపాయలు?” అన్నారు. మాకూ ముందు అర్థం కాలేదు. కింద చూస్తే, రూపాయి పంపినవాళ్ళే పావుగంటకో, మర్నాటికో 516, 1,116, 2,000 పంపారు. అంటే ముందు ఒక రూపాయి వేసి అవతల ఏ పేరు వస్తుందో చూసుకున్నారు. సంఘం పేరు కనబడ్డాకే అసలు మొత్తం. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపి చూసినట్టు. ఆ మొదటి పది రోజుల్లో లింకుకు 18,500 ఎందుకు దాటలేదో ఆ 31 రూపాయలే చెబుతున్నాయి. వాటిని రద్దు చేయలేదు, విరాళంగానే రాశాం.

ఇంకొకటి గమనించాం. ఫోన్‌లో పంపినా మన చేయి పదహార్లు వదల్లేదు. 116, 516, 1,116 ఇవే ఎక్కువ. పెళ్ళిలో చదివింపులు రాసే పెద్దాయన పక్కన కూర్చున్నట్టే అనిపించింది. 10,000 ఇచ్చిన ఒకరు తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు. 116 ఇచ్చిన మరొకరు జాబితాలో తన పేరు లేదని రెండుసార్లు ఫోన్ చేశారు. మొదట నవ్వుకున్నాం. కానీ చదివింపులు మైకులో చదివేది దేనికి? ఇచ్చినట్టు నలుగురికీ తెలియాలి, పుచ్చుకున్నవాళ్ళు పుచ్చుకున్నట్టూ నలుగురికీ తెలియాలి. రసీదు పుస్తకం లేని రోజుల్లో అదే రసీదు. ఆయన అడిగింది ఆ రసీదే. ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి జాబితా పెడుతున్నాం, వద్దన్నవారి పేరు బదులు ‘సభ్యులు’ అని రాస్తున్నాం.

జమ ఖర్చులు

క్యూఆర్ కోడ్ ద్వారా 2,23,342, నగదుగా 64,500, మొత్తం 2,87,842 రూపాయలు వచ్చింది. ఆస్పత్రి బిల్లు 3,90,000. వెళ్ళి మాట్లాడితే 20,000 తగ్గించారు. సంఘం 2,45,000 రెండు విడతలుగా నేరుగా ఆస్పత్రి ఖాతాకు కట్టింది. మేనల్లుడి పేజీ ద్వారా చివరికి 68,000 వచ్చింది, అదీ ఆస్పత్రికే కట్టారు. మిగతా 57,000 కోసం ఆటో అన్న భార్య నగలు బ్యాంకులో పెట్టింది. ఒరిజినల్ బిల్లులు ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తుతో వెళ్ళాయి, మన ఫైల్లో ఉన్నవి జెరాక్సులు.

డిశ్చార్జి అయ్యాక కూడా డబ్బు వస్తూనే ఉంది. అలా మిగిలిన 42,842 మీద కమిటీలో పెద్ద గొడవే అయింది. “మేం ఆస్పత్రికిచ్చాం, తాకట్టుకు కాదు” అన్నారు కొందరు. “ఆయన పేరు చెప్పి తీసుకున్నది ఆయనదే, మనం దాచుకోవడానికి ఎవరం?” అన్నారు కొందరు. ఆలస్యంగా ఇచ్చినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాం. ఇద్దరు వెనక్కి కావాలన్నారు, 3,000 తిరిగి ఇచ్చాం. వాళ్ళ మీద ఎవరూ మాట తూలవద్దని మనవి, అడిగే హక్కు వాళ్ళకుంది. మిగతావాళ్ళు సరేనన్నారు. కోశాధికారి తనే వెంట వెళ్ళి, బ్యాంకులో నగల అప్పు కింద 35,000 కట్టి వచ్చారు. 4,842 ఆపద నిధిగా ఖాతాలో ఉంది.

పన్ను మినహాయింపు రసీదు అడిగినవారికి: మన సంఘానికి 80జీ గుర్తింపు లేదు. అది ఉన్న సంస్థకిచ్చినా, 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే రాదు. అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి ఇంకా చిక్కు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన నుంచి పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేని మనం ముట్టుకోకూడదు. ఇద్దరి డబ్బు వద్దని చెప్పాల్సి వచ్చింది. ఒకరి నాన్నగారు నాతో ఇంకా ముభావంగానే ఉన్నారు.

ఫొటో తీర్మానం

ఆన్‌లైన్ పేజీలో ఆటో అన్న ముక్కులో ట్యూబుతో ఉన్న ఫొటో పెట్టారు. అలా పెడితేనే జనం ఇస్తారని మేనల్లుడికి ఎవరో చెప్పారట. ఒకరోజు ఆటో అన్న భార్య మా ఇంటి గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, “సార్, ఆ ఫొటో మా పాప బళ్ళో అందరి సెల్లుల్లో ఉంది. దాన్ని తీయించండి సార్, డబ్బు రాకపోయినా పర్లేదు” అంది. పేజీలో తీయించగలిగాం. సెల్లుల్లోంచి ఎవరు తీయించగలరు? ఇకపై సంఘం తరఫున ఏ విజ్ఞప్తిలోనూ రోగి ఫొటో ఉండదని, ఆస్పత్రి ఎస్టిమేట్ కాగితం మాత్రమే పెడతామని తీర్మానం చేశాం. కమిటీ సభ్యులిద్దరు స్వయంగా వెళ్ళి చూడని ఏ లింకూ గ్రూపులో పెట్టరాదన్నది రెండో తీర్మానం. ఇది నచ్చనివారున్నారు. ఆ ఆలస్యంలో ప్రాణం పోతే ఎవరిది బాధ్యత అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇద్దరూ 24 గంటల్లో వెళ్ళి రావాలని చేర్చాం.

కార్తీక వనభోజనాలకు పల్లిపాడు వెళ్ళినప్పుడు కూడా ఈ చర్చే. గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం అక్కడే. దానికి భూమి ఇచ్చింది పొణకా కనకమ్మ గారు. అంతకు వారం ముందే బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని తీర్మానించారు. ఊరూరా జనం నగలు ఒలిచి ఇచ్చారు. “అప్పుడు ఎవరైనా ముందు రూపాయి వేసి చూశారా?” అని ఒకరు చమత్కరించారు. వేసే ఉంటారని నా అనుమానం.

సభ్యుల నిర్ణయానికి

ఆటో అన్న డిసెంబరు చివర్లో మళ్ళీ ఆటో ఎక్కాడు. జనవరి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి కోశాధికారి చేతిలో 500 పెట్టిపోతున్నాడు. అప్పు కాదు, తిరిగివ్వనక్కర్లేదని చెప్పాం. “రొట్టె తీసుకున్నోళ్ళు మళ్ళా ఏడు తెచ్చి ఇవ్వరా సార్?” అన్నాడు. రొట్టెల పండుగలో కోరిక కోరి రొట్టె తీసుకున్నవాళ్ళు, అది తీరాక మరుసటి ఏడాది రొట్టె తెచ్చి ఇచ్చే ఆనవాయితీ గురించి ఆ మాట. మార్చి ఆఖరుకు అలా 1,500 వచ్చింది. నిధి నిల్వ 6,342 అయింది. ఆ 1,500 విరాళమా, వాపసా అన్నది కమిటీలో తేలలేదు. విరాళమని రసీదు రాస్తే ఆయన పుచ్చుకోవడం లేదు, వాపసని రాయడానికి ఆడిటర్ ఒప్పుకోవడం లేదు. ప్రస్తుతానికి సస్పెన్స్ పద్దులో ఉంచాం. ఏ పద్దు కింద రాయాలో సర్వసభ్య సమావేశంలో సభ్యులు చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం, నెల్లూరు