పంపంటే భయం, సూదంటే ధైర్యమా?

సంపాదకులు గారికి,

ప్రకాశం జిల్లా కొండపిలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. పొగాకు గ్రేడింగు మొదలైందంటే మా కౌంటరు ముందు ఉబ్బసం ఉన్నవాళ్ల సంఖ్య పెరుగుతుంది. వారిలో ఎక్కువమంది పగలంతా షెడ్డులో కూర్చుని ఆకు వేరుచేసే ఆడవాళ్లు. డాక్టరు చీటీలో రెండు పంపులు (నోటితో పీల్చే ఇన్‌హేలర్లు) రాసి ఉంటాయి. "నీలం రంగుది ఒక్కటే ఇవ్వు అన్నా, రెండోది స్టెరాయిడట కదా" అంటారు. అలా అన్నవారే ఆయాసం ముదిరిన రాత్రి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి డెక్సామెథసోన్ సూది వేయించుకుంటారు. ఎంత చక్కగా తగ్గిందో మరునాడు వచ్చి నాకే చెబుతారు. ఆ సూది కూడా స్టెరాయిడే!

నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ శ్వాసనాళం చుట్టూ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది. నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది, నాలుగైదు గంటలు హాయిగా ఉంటుంది. అంతవరకే దాని పని. అసలు జబ్బు నాళం లోపలి పొరలో ఉంది. దుమ్మో బూజో, ఒంటికి పడనిది లోపలికి వెళ్లగానే అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయిన్లు అనే వాపు పుట్టించే రసాయనాలను వదులుతాయి. పొర వాస్తుంది, జిగట కళ్లె ఊరుతుంది. ఆ వెనుక ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరి, తాము వదిలే ప్రోటీన్లతో మన పొరనే దెబ్బతీస్తాయి. పిల్లికూతలు వినిపించని రోజుల్లో కూడా ఈ వాపు లోపల ఉంటూనే ఉంటుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే నాళపు గోడ మందమెక్కి, తిరిగి మామూలుగా కాకపోవచ్చు.

చాలామందిలో ఈ రెండో విడత వాపు దుమ్ము పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటలకు గానీ బయటపడదు. అందుకే మా గ్రేడింగు ఆడవాళ్లు దుమ్మును అనుమానించరు. "పని దగ్గర బాగానే ఉన్నాను, రాత్రి మంచుకు పట్టేసింది" అంటారు. నేరం మంచు మీదికి పోతుంది. మరునాడు ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా మళ్లీ అదే షెడ్డులో కూర్చుంటారు. షెడ్డుకు రెండు వైపులా గాలి ఆడేలా చూడమని రైతులకు చెప్పేవారు కూడా లేరు. (చీమకుర్తి గ్రానైట్ దుమ్ముతో వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు సంగతి వేరు. దాన్నీ దీన్నీ కలపకూడదు.)

ఇక స్టెరాయిడ్ భయం. వాపును తగ్గించే రెండో పంపులో సాధారణంగా బుడెసొనైడ్ ఉంటుంది. పెద్దవారికి ఎక్కువగా రాసేది పూటకు 200 మైక్రోగ్రాములు. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. ఆర్‌ఎంపీ వేసే సూది మందు 4 మిల్లీగ్రాములే అనుకున్నా, అది సుమారు 27 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలతో సమానం. బుడెసొనైడ్ వేరు, డెక్సామెథసోన్ వేరు, తూకానికి తూకం పోల్చకూడదనే మాట నిజమే. కానీ పంపు మందు నేరుగా నాళంలో పనిచేస్తుంది. గొంతు దాటి కడుపులోకి పోయిన దానిలో చాలా భాగాన్ని కాలేయం విరిచేస్తుంది. సూది మందు ఒళ్లంతా తిరుగుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సూదీ మాత్రలూ కావలసిందే, వాటిని తప్పుపట్టడం లేదు. సీజనంతా వాటితోనే నెట్టుకొచ్చేవారికి షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. పంపు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత భయం కూడా చాలావరకు పోతుంది.

మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాదు రైలెక్కేవారి సంగతి సరేసరి. వారికి నేను చెప్పగలిగింది ఒక్కటే, రెండో పంపు మాత్రం మానకండని. ఆ పంపుకు ఉన్న చిక్కల్లా పీల్చిన వెంటనే ఏమీ తెలియకపోవడం. వాపు తగ్గడానికి రోజులు, వారాలు పడుతుంది. డబ్బు పెట్టిన మనిషికి అంత ఓపిక ఉండదు. పైగా చుట్టో సిగరెట్టో తాగేవారిలో అది సరిగా పనిచేయదు కూడా. అది మందు లోపం కాదు.

ఆస్తమా చికిత్సకు ప్రపంచవ్యాప్తంగా దారి చూపే గినా సంస్థ, పెద్దవారికి సాల్బుటమాల్ ఒక్కదానితోనే వైద్యం చేయవద్దని 2019లోనే చెప్పింది. నీలం పంపులు ఏడాదికి మూడు, అంతకు మించి వాడేవారికి తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు ఎక్కువ. పన్నెండుకు చేరితే ప్రాణాపాయమే ఎక్కువ. ఈ లెక్క డాక్టర్ల కంటే మా దుకాణాలవాళ్లకే బాగా తెలుస్తుంది, ఎందుకంటే అమ్మేది మేమే. తోటి దుకాణదారులకు నా మనవి: నీలం పంపు నెలకొకటి తీసుకుపోయే మనిషి కనిపిస్తే, ఇంకొకటి చేతిలో పెట్టే ముందు రెండో పంపు వాడుతున్నారా అని అడగండి. వాడడం లేదని చెబితే డాక్టరు దగ్గరికి పంపండి. మా మండలంలో వైద్య శిబిరాలు పెట్టేవారు బీపీ, షుగరు చూసి ఊరుకోకుండా ఊపిరి ఎంత జోరుగా వదలగలరో చూపే పీక్ ఫ్లో మీటరు ఒకటి తెచ్చి గ్రేడింగు కూలీల చేత ఊదించాలి. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం, కరెంటు కూడా అక్కర్లేదు. వచ్చే పొగాకు వేలం సీజనుకు ముందే ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కొండపి, ప్రకాశం జిల్లా