మూడేళ్లు కట్టినా తరగని అసలు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన విద్యారుణ ఖాతా స్టేట్‌మెంట్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. మూడేళ్లుగా ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్నా, చేతికి వచ్చిన 10 లక్షల కన్నా ఇంకా ఎక్కువ బాకీ ఎందుకు చూపిస్తోందని, బ్యాంకు వాళ్లు ఎక్కడో లెక్క తప్పి ఉంటారని రాశావు. నేను కూడా కాగితం, కలం పెట్టుకుని లెక్క కట్టి చూశాను. లెక్కలో తప్పేమీ లేదమ్మా. అది ఎలా నడుస్తుందో తెలిస్తే, వాయిదాల గడువును మరో ఐదేళ్లు పొడిగించుకుందామన్న నీ ఆలోచనకు నేనెందుకు తొందరపడవద్దంటున్నానో నీకే బోధపడుతుంది.

నాలుగేళ్ల చదువుకు ఏటా మొదట్లో రెండున్నర లక్షల చొప్పున, ఏడాదికి 10 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నాం. కళాశాలకు డబ్బు చేరిన రోజు నుంచే వడ్డీ మొదలైంది. చదువు సాగినంత కాలమూ, ఆ తరువాత ఒక ఏడాదీ వాయిదా కట్టనక్కరలేదన్నారే గానీ, వడ్డీ పడదని ఎవరూ అనలేదు. ఈ విరామాన్నే మారటోరియం అంటారు, దాన్ని వడ్డీ మాఫీ అనుకునే పిల్లలు చాలామంది ఉంటారు. అలా అనుకునే తల్లిదండ్రులు అంతకన్నా ఎక్కువ మంది. బారువడ్డీ లెక్కనే నాలుగేళ్లకు రెండున్నర లక్షలు, ఉద్యోగం వెతుక్కున్న ఐదో ఏడాదికి మరో లక్ష, వెరసి మూడున్నర లక్షలు పేరుకుపోయాయి. గడువు ముగిసిన నాడు ఆ మొత్తాన్ని అసలులో కలిపి, 13.5 లక్షల మీద పదేళ్లకు వాయిదా నిర్ణయించారు. అంటే నీ మొదటి జీతం రాకముందే అప్పు మూడో వంతుకు పైగా పెరిగింది, ఆ పెరిగిన భాగం మీద కూడా ఆ రోజు నుంచి వడ్డీ పడడం మొదలైంది.

ఇక వాయిదా సంగతి. నెలకు 17,840 చొప్పున నువ్వు కట్టిన మొదటి వాయిదాలో 11,250 వడ్డీకి పోగా, అసలుకు చేరింది 6,590 మాత్రమే. మూడేళ్లలో నువ్వు కట్టిన 6.42 లక్షల్లో వడ్డీ కింద 3.67 లక్షలు పోయాయి, అసలులో తగ్గినది 2.75 లక్షలు. అందుకే స్టేట్‌మెంట్ చివరి వరుసలో ఇంకా 10.75 లక్షలు కనిపిస్తోంది. అసలు కంటే వడ్డీ ముద్దు అని మనవల గురించి అంటుంటాం, అప్పిచ్చిన వాళ్లకు ఆ సామెత ఇంకా బాగా నప్పుతుంది.

కానీ అదే స్టేట్‌మెంట్‌లో నువ్వు గమనించనిది ఒకటుంది. ఈ నెల వాయిదాను చూడు. వడ్డీకి 8,955, అసలుకు 8,885. నువ్వు కట్టేదానిలో దాదాపు సగం అసలుకు చేరే దశకు ఇప్పుడే వచ్చావు, ఇక్కడి నుంచి ప్రతి నెలా అసలు వాటా వడ్డీ వాటాను మించుతూ పోతుంది. ఈ సమయంలో మిగిలిన ఏడేళ్లను పన్నెండేళ్లు చేసుకుంటే వాయిదా 12,840 ప్రాంతానికి దిగుతుంది, నెలకు ఓ ఐదు వేలు చేతిలో మిగులుతాయి, నిజమే. అయితే అందులో అసలుకు వెళ్లేది 3,900 లోపే, అంటే నీ మొదటి నెలలో వెళ్లిన దానికన్నా కూడా తక్కువ. అప్పు తీరేసరికి మొత్తం మీద మూడున్నర లక్షలు అదనంగా కట్టినట్టవుతుంది. చదువుకునే కాలంలో పేరుకున్న వడ్డీ ఎంతో, ఇదీ అంతే. ఇంటి అద్దెకూ మందులకూ డబ్బు చాలని పరిస్థితి వస్తే పొడిగించుకో, దానికి నేను అడ్డు చెప్పను. స్నేహితుల జీతాలతో పోల్చుకుని కలిగిన బెంగతో మాత్రం ఆ పని చేయవద్దు.

ఆ పోలికలోనే ఒక అన్యాయం ఉంది. ఒకే తరగతిలో కూర్చుని, ఒకే పట్టా పుచ్చుకున్న ఇద్దరిలో, ఫీజును ఇంటి నుంచి కట్టగలిగిన వాడికి చదువు 10 లక్షలకే వస్తుంది. అప్పు చేసి, ఉద్యోగం కాస్త ఆలస్యంగా దొరికి, చిన్న జీతంతో మొదలుపెట్టిన వాడికి అదే చదువు 20 లక్షలు దాటుతుంది. పేదవాడి దగ్గర ఎక్కువ వసూలు చేసే ఏర్పాటు ఇది. ఇష్టమైన పరిశోధన వదులుకుని జీతం ఎక్కువ ఉన్న చోటికి పోవడం, నచ్చని ఉద్యోగం మానలేకపోవడం, పెళ్లి మాట ఎత్తితే ముఖం తిప్పుకోవడం, ఇవన్నీ పాతికేళ్ల వయసులో ఈ వడ్డీ చేయించే పనులు.

ఇది ఇలాగే ఉండాలన్న నియమమేమీ లేదు. న్యూజిలాండ్‌లో 2006 నుంచి, దేశంలోనే ఉండే పట్టభద్రుల విద్యారుణాలకు వడ్డీ లేదు. అమెరికా ప్రభుత్వం తన వద్ద ఉన్న విద్యారుణాలపై 2020 మార్చి నుంచి 2023 ఆగస్టు దాకా వడ్డీని సున్నా చేసింది. ఆస్ట్రేలియాలో వడ్డీ బదులు ధరల పెరుగుదలను బట్టి బాకీని పెంచుతారు. 2023లో అది ఒక్కసారిగా 7.1 శాతానికి చేరేసరికి గగ్గోలు పుట్టి, మరుసటి ఏడాది చట్టం మార్చి, ధరలు, వేతనాలలో ఏది తక్కువ పెరిగితే దానినే లెక్కలోకి తీసుకోవాలని నిర్ణయించారు, పాత పెంపును కూడా సవరించారు. ఇంగ్లండ్‌లో ఆదాయం ఒక పరిమితి దాటితేనే, దాటిన భాగంలో 9 శాతం కట్టాలి. నిర్ణీత కాలం గడిచాక మిగిలినది కొట్టివేస్తారు. అక్కడా నెలనెలా కడుతున్నా బాకీ పెరుగుతున్న వాళ్లు ఉన్నారు, అందుచేత ఏ పద్ధతినీ నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. పాలకులు తలచుకుంటే ఈ లెక్క మారుతుందని మాత్రం అంటున్నాను.

మనం చేయగలిగినది కొంచెమే. నీ రేటు స్థిరమా, మారేదా అన్నది మంజూరు పత్రంలో చూడు. మారేది అయితే, రేటు పెరిగినప్పుడు వాయిదాను ముట్టుకోకుండా గడువును పొడిగించే అలవాటు అప్పిచ్చే సంస్థలకు ఉంది; ఖాతాలో పోయే మొత్తం మారదు కనుక మనం గమనించకపోవచ్చు. మిగిలిన వాయిదాలు ఎన్నో ఆరు నెలలకొకసారి చూసుకుంటూ ఉండు. ఎప్పుడైనా ఒక 50 వేలు కలిసివస్తే అసలుకు జమ చేయించు. వాయిదా తగ్గించవద్దని, గడువే తగ్గించమని రాతపూర్వకంగా అడుగు. ఇప్పుడే కట్టగలిగితే ఆ మొత్తం చివరి ఐదు వాయిదాలను పూర్తిగా, ఆరవదానిలో సగాన్ని తీసేస్తుంది, అంటే దాదాపు 98 వేలు. ముందుగా కట్టినందుకు రుసుము ఉందేమో కూడా కనుక్కో.

ఏ నెలైనా చేతిలో డబ్బు ఆడకపోతే వాయిదా తేదీకి ముందే నాకు చెప్పు. రుణపత్రం మీద నీ సంతకం పక్కన నా సంతకమూ ఉంది. వాయిదా తప్పితే ఇద్దరి క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది, చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు. మంజూరు పత్రంలో వడ్డీ రేటు గురించిన పేజీ ఫోటో తీసి ఈ వారంలోనే పంపు, పొడిగింపు దరఖాస్తు మీద మాత్రం అప్పటిదాకా సంతకం చేయకు.

ఆశీస్సులతో,
నాన్న