అక్వేరియం కట్టెకు రంగు చూడకండి, చేవ చూడండి

సంపాదకులకు,

ఇళ్లలో అక్వేరియం పెట్టుకోవడం గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే డ్రిఫ్ట్‌వుడ్ (తొట్టిలో అలంకారంగా పెట్టే ఎండు కట్టె) గురించి అందులో రాసిన రెండు మాటలకు సవరణ అవసరం. నీళ్లు టీ రంగుకు తిరిగితే ఆ కట్టె పనికిరాదనీ, పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే ఎండు దూలం ముక్కల్ని కడిగి వాడుకోవచ్చనీ రాశారు. మొదటి మాట వింటే మంచి కట్టె చెత్తలోకి పోతుంది. రెండోది వింటే చేపలే పోతాయి.

ముందు దూలం సంగతి. ఇంటి కలపకు చెదల మందు కొట్టడం మన దగ్గర మామూలే. ఆ పనికి ఏళ్ల తరబడి వాడిన క్లోరిపైరిఫాస్ లీటరు నీటికి మైక్రోగ్రాముల్లో ఉన్నా కొన్ని జాతుల చేపలు బతకవు. చెక్కలోకి ఇంకిన మందు కడిగితే పోదు. ఉడికిస్తే ఆ ఆవిరి మనకే చేటు. వార్నిష్ పూసిన అలంకరణ దుంగలు, ప్లైవుడ్, ప్యాకింగ్ పెట్టెల చెక్క కూడా ఇదే కోవలోవి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న ట్రీటెడ్ (మందు ఎక్కించిన) కలపలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది. రాగి ఉంటే ముందు పోయేవి రొయ్యలు, నత్తలు. ఎక్కడ పుట్టి ఎక్కడ తిరిగిందో తెలియని చెక్కను తొట్టిలో వేయకపోవడమే మేలు.

చెట్టు ఏదన్నది కూడా చూడాలి. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, బొమ్మజెముడు లాంటి పాలు కారే చెట్లు వద్దు. వేప, కానుగ చేదు చెట్లు, వాటిలో పురుగుల్ని చంపే గుణం ఉంది. జామాయిల్‌లో నూనె, దేవదారు జాతి కలపలో బంక. వెదురు ఎక్కువ కాలం నిలవదు, లోపలి నుంచి కుళ్లుతుంది. మన పెరట్లో దొరికేవాటిలో జామ కొమ్మలు మేలు. గట్టిగా ఉంటాయి, వంపులు అందంగా వస్తాయి. మందు కొట్టని చెట్టువి, నరికాక కనీసం ఆరు నెలలు నీడన ఎండినవి కావాలి. విరిచి చూస్తే లోపల పచ్చిదనం కనబడకూడదు. చింత మొద్దులో చేవ భాగం కూడా పనికొస్తుంది. సముద్రపు ఒడ్డున దొరికే కట్టెలో ఉప్పు ఉంటుంది. ఇక మడ వేళ్ల మీద మోజుపడి కోరింగ అభయారణ్యం వైపు వెళ్లకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అక్కడి పుల్ల కూడా అనుమతి లేకుండా తేకూడదు.

కొనేవాళ్లకు దుకాణాల్లో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. మలేషియన్ డ్రిఫ్ట్‌వుడ్ ముదురు గోధుమ రంగులో, బరువుగా ఉంటుంది. చాలా ముక్కలు వెంటనే మునుగుతాయి. మోపానీ ఆఫ్రికా చెట్టు. ఒక పక్క నలుపు, ఒక పక్క లేత రంగు ఉంటుంది. రాయిలా మునుగుతుంది గానీ నెలల తరబడి రంగు దిగుతూనే ఉంటుంది. స్పైడర్ వుడ్ సన్నని వేళ్ల గుత్తి, చూపులకు అందరికంటే అదే అందగత్తె. వారాల తరబడి తేలుతుంది, తెల్ల బూజూ దానికే ఎక్కువ. డ్రిఫ్ట్‌వుడ్‌ను చాలాచోట్ల కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి తడి ముక్క కొంటే నీళ్లకూ డబ్బు ఇచ్చినట్టే. కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు పూసినదైతే గుడ్డకు అంటుతుంది. గోరు గుచ్చితే దిగకూడదు. ఎక్కడైనా బెండులా మెత్తగా ఉంటే ఆ భాగం చెక్కేయాలి. చేవ లేని పైచెక్క, బెరడు ముందుగా కుళ్లేవి అవే.

రెండడుగుల తొట్టి (24 × 12 × 15 అంగుళాలు, సుమారు 70 లీటర్లు) తీసుకుంటే 14 నుంచి 16 అంగుళాల ముక్క చాలు. అద్దానికీ కట్టెకూ మధ్య రెండు అంగుళాలు వదలాలి, లేకపోతే పాకుడు గీకడానికి చేయి పట్టదు. రెండు పక్కల అద్దాల మధ్య బిగించి మాత్రం పెట్టకండి. నానిన కట్టె ఉబ్బుతుంది, పగిలేది అద్దమే. గోల్డ్‌ఫిష్, ముఖ్యంగా ఉబ్బుకళ్ల రకం ఉన్న తొట్టిలో మొనలన్నీ కత్తిరించి గరుకు కాగితంతో రుద్దాలి.

శుద్ధి చేయడం దగ్గర తొందర పనికిరాదు. బెరడంతా ఒలిచి, గట్టి బ్రష్‌తో మంచినీళ్లలో తోమాలి. సబ్బు, ఫినాయిల్ తగలకూడదు. గిన్నెలో పట్టే ముక్కైతే గంట నుంచి రెండు గంటలు ఉడికించి, పొయ్యి కట్టేశాక అదే నీళ్లలో చల్లారనివ్వాలి. వేడికి కట్టెలోని గాలి వ్యాకోచించి బయటకు పోతుంది, చల్లారేటప్పుడు ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. వేడి మీదే బయటకు తీస్తే ఈ లాభం పోతుంది. నీళ్లు మార్చి రెండు మూడుసార్లు ఇలా చేయాలి. గిన్నె వంటకు వాడనిదై ఉండాలి, ఆ మరక వదలదు. పెద్ద దుంగను డ్రమ్ములో మూడు నాలుగు వారాలు నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. డ్రమ్ముకు మూత మరవకండి, వారంలో దోమ పిల్లలు తయారవుతాయి. కట్టెలో ఉప్పు ఉందేమోనన్న అనుమానం ఉంటే టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలను కొలిచే పరికరం) చూడండి. కట్టె రంగు ఆ అంకెను పెద్దగా కదపదు. నానబెట్టిన నీటిలో అంకె వందల్లో పెరుగుతుంటే ఇంకా ఉప్పు దిగుతోందన్నమాట.

అప్పటికీ తేలితే రాయికి బిగించాలి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. చేతికందిన కడప బండో తాండూరు బండో వేసేస్తారు. రెండూ సున్నపురాళ్లే. ఆమ్ల గుణం ఉన్న నీటిలో మెల్లగా కరిగి కఠినత్వాన్ని పెంచుతూ పోతాయి. గీసిన చోట నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వచ్చేది సున్నపురాయి. మార్బుల్ దుకాణాల బయట పడి ఉండే గ్రానైట్ ముక్క మంచిది. 6 × 4 అంగుళాల, 18 మిల్లీమీటర్ల మందం ముక్క సుమారు 740 గ్రాములు ఉంటుంది. నీళ్లలో కట్టెను పట్టి ఉంచేది మాత్రం అందులో 460 గ్రాములే. ఆ లెక్క చూసుకుని రాయి ఎంచుకోండి. రంధ్రం అక్కడే వేయించి, 304 లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూతో కింది నుంచి బిగించాలి. జింకు పూత ఉన్న జీఐ స్క్రూ నుంచి జింకు, ఇత్తడి నుంచి రాగి నీటిలోకి వస్తాయి.

ఇక రంగు. టీ డికాక్షన్‌కు రంగునిచ్చే టానిన్ల లాంటివే కట్టె నుంచీ దిగుతాయి. టెట్రాలు, ఏంజెల్, బెట్టా లాంటి చేపలకు అది సొంత ఊరి నీరే. చూపుకు నచ్చకపోతే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే తగ్గుతుంది. డ్రిఫ్ట్‌వుడ్ పెడితే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గుతుందన్న మాట సగమే నిజం. కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల కొలత) 10 డిగ్రీలు దాటిన బోరు నీటిలో ఎంత కట్టె పెట్టినా పీహెచ్ దాదాపు కదలదు. ఆర్‌ఓ నీటిలో కథ వేరు. కేహెచ్ సున్నాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పీహెచ్ 6 కంటే కిందికి జారవచ్చు, అప్పుడు చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా మందగిస్తుంది. 70 లీటర్లకు రెండు గ్రాముల వంటసోడా కేహెచ్‌ను సుమారు ఒక డిగ్రీ పెంచుతుంది. కరిగించి, రోజుకు ఒక డిగ్రీ మించకుండా కలపాలి.

కొత్త కట్టె మీద మొదటి వారంలోనే తెల్లని జిగురు పొర పడుతుంది. కట్టెలోని చక్కెరల్ని తినే బూజు, బ్యాక్టీరియా అది. చేపలకు హాని లేదు. మోలీలు, రొయ్యలు, నత్తలు దాన్ని మేస్తాయి. మరీ దట్టంగా ఉంటే ఆక్సిజన్ లాగేస్తుంది కాబట్టి బ్రష్‌తో రుద్ది సైఫన్ గొట్టంతో లాగేయండి. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ చక్కెరలు అయిపోయి పొర దానంతటదే పోతుంది. దీన్ని తినేస్తుందని సక్కర్ చేపను అంటగడుతుంటారు. అది ఒక అడుగు పొడవు దాటి పెరిగే జాతి, రెండడుగుల తొట్టిలో ఇమడదు. పెరిగాక చెరువులోనో కాలువలోనో వదిలితే అక్కడి చేపలకు ముప్పు.

ఆరు వారాలు దాటినా జిగురు తగ్గకపోతే కట్టెను పైకి తీసి వాసన చూడండి. తడి మట్టి వాసనైతే ఇంకొంత కాలం ఆగవచ్చు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చి, నొక్కితే నల్లటి పొట్టు రాలుతుంటే లోపల చేవ లేదన్నట్టే. దాన్ని మళ్లీ ఉడికించి లాభం లేదు, తీసేసి అదే రోజు సగం నీళ్లు మార్చండి.

ఇట్లు,
అలంకరణ చేపల పెంపకందారులు,
రాజమహేంద్రవరం