ట్రైలర్‌లో పేరు లేని ఐదువందల మంది

సంపాదకులకు,
నమస్కారం.

ఆంగ్లేయుల మీద తిరగబడిన మా ప్రాంతపు పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథతో తీసిన 'సైరా నరసింహారెడ్డి' సినిమా ట్రైలర్ ఈ నెల (సెప్టెంబరు 2019) 18న విడుదలైంది. ఆ రోజు మా కోయిలకుంట్లలో సినిమా మీద ధ్యాస ఉన్నవాళ్ళు తక్కువ. అప్పటికే మహానంది గుడిలోకి నీళ్ళు వచ్చాయి, కుందూ పొంగి పారుతోంది, చేలు మునిగినవాళ్ళు మునిగిన బాధలో ఉన్నారు. మా వీధిలో కరెంటు కూడా లేదు. వాన తెరిపి ఇచ్చాక పక్కింటి కుర్రాడు ఫోన్ పట్టుకొచ్చి "సార్, మన నరసింహారెడ్డి వచ్చినాడు చూడండి" అన్నాడు. చూశాను. ఇంకోసారి పెట్టమన్నాను. ఆ సాయంత్రం మొత్తం నాలుగు సార్లు చూశాను.

ముందుగా నా సంతోషం చెప్పుకోవాలి. నాకు 71 ఏళ్ళు. చిన్నప్పుడు మా జేజి (నాయనమ్మ) కంది బేడలు విసురుతూ పాడే పాటలోనే నేను ఆ పేరు మొదటిసారి విన్నాను. మా రేనాడు, అంటే ఈ కుందూ చుట్టుపక్కల సీమ, దాటితే ఆ పేరు తెలిసినవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. నేను ట్రైనింగుకి వేరే జిల్లాకి పోయినప్పుడు "ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎవరు, మీ బంధువా" అని అడిగారు. అట్లాంటిది ఇప్పుడు ఐదు భాషల్లో సినిమా వస్తోంది. పుణేలో ఉద్యోగం చేసే మా అబ్బాయి రాత్రి ఫోన్ చేసి, "నాయనా, మా ఆఫీసులో మరాఠీ వాళ్ళు ట్రైలర్ చూసి ఈయన నిజంగా ఉన్నాడా, కథా అని అడుగుతున్నారు" అన్నాడు. నిజంగా ఉన్నాడు, మనం రోజూ నడిచే దారిలోనే ఆయన్ని ఉరి తీశారని చెప్పమన్నాను. చిరంజీవి గారికి, తీసినవాళ్ళకి ఈ విషయంలో చేతులెత్తి దండం పెడతాను.

ఇక నా బాధ. మరుసటి రోజు పొద్దున టీ అంగడి దగ్గర ఇదే చర్చ. ఒకరు గ్రాఫిక్స్ బాగున్నాయంటారు, ఒకరు అంత సైన్యం ఆయనకి ఎక్కడిది అంటారు, ఇంకొకరు ఈయన మొదటి స్వాతంత్ర్య వీరుడు ఎట్లా అవుతాడని వాదన. ఇవన్నీ విని ఊరుకున్నాను. కానీ డిగ్రీ చదివిన ఒక పిల్లవాడు అన్న మాట నన్ను రెండు రోజులు నిద్రపోనీలేదు. "పదకొండు రూపాయల పింఛను కోసం కొట్లాడినోడు సార్. ఖజానా దోచినాడు. దాన్ని స్వాతంత్ర్య పోరాటం చేసేసినారు" అన్నాడు. పక్కనున్న నలుగురూ తల ఊపారు. అందులో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే.

ఆ పిల్లవాడు చెప్పిన అంకె తప్పు కాదు. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్ళు కొన్ని ఊళ్ళని ఏలుకునే పాలెగాళ్ళ అధికారాలు తీసేసి, నెలకి ఇంతని భరణం ఇచ్చారు. ఆ వాటాల్లో నరసింహారెడ్డికి దక్కింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో ఆ భరణం తెమ్మని మనిషిని కోయిలకుంట్ల ఖజానాకి పంపితే తహసీల్దారు అవమానించి పంపాడు. జూలై 10 రాత్రి ఆయన ఐదువందల మందితో వచ్చి ఖజానా మీద పడ్డాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు.

కానీ నేను 34 ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ఐదో తరగతి పిల్లలకి భాగహారం వచ్చాక ఒక లెక్క ఇచ్చేవాణ్ణి. ఆ రాత్రి ఖజానాలో దొరికింది 805 రూపాయల 10 అణాల 4 పైసలు. వచ్చినవాళ్ళు 500 మంది. రూపాయికి 16 అణాలు. తలా ఎంత వస్తుంది? పిల్లలు పలకల మీద కిందా మీదా పడి చేసేవాళ్ళు. మనిషికి రూపాయి పది అణాలు కూడా నిండదు. అప్పుడు రెండో ప్రశ్న అడిగేవాణ్ణి: రూపాయిన్నర కోసం ఎవరైనా కుంఫిణీ తుపాకీకి ఎదురు పోతారా? క్లాసు నిశ్శబ్దం అయిపోయేది. ఒక ఏడాది ఒక ఆడపిల్ల లేచి, "కాదు సార్, వాళ్ళకి వేరే కోపం ఏదో ఉంది" అంది. ఆ అమ్మాయి ఇప్పుడు నంద్యాలలో నర్సు. ఆ జవాబు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ వేరే కోపం ఏమిటో మా ఇంటి మాటగా చెప్తాను. మాది బోయ కులం, కట్టుబడి వంశం. కట్టుబడి అంటే ఈ రోజు మా ఊరి పిల్లలకే తెలియదు. ఊరికి కాపలా ఉండేవాడు, దొంగతనం జరిగితే జాడ తీసేవాడు, పాలెగాడు పిలిస్తే ఈటె పట్టుకొని వెళ్ళేవాడు. జీతం ఉండదు. బదులుగా ఊళ్ళో కొంత మాన్యం భూమి దున్నుకొని బతుకుతాడు. తండ్రి పోతే కొడుకు కాపలా, కొడుకుకే మాన్యం. 1800లో ఈ జిల్లాలు నిజాం చేతి నుంచి కుంఫిణీ చేతికి వచ్చాయి. కుంఫిణీ కలెక్టరు మన్రో దొర రైత్వారీ (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే పద్ధతి) పెట్టాడు, కాపలా పని కొత్త పోలీసులకి పోయింది. కట్టుబడి అవసరం తీరిపోయింది కనుక మాన్యం ఎందుకనుకున్నారు. కట్టుబడి చనిపోతే ఆ భూమి కొడుక్కి ఇవ్వకుండా సర్కారు కలిపేసుకోవడం మొదలయింది. అంటే ఇంట్లో తండ్రి శవం లేచిన రోజే కింద నేల కూడా పోతుంది.

మా ఊరి పొలిమేరలో ఒక చేను ఉంది. నల్లరేగడి, శనగ బాగా పండుతుంది. దాన్ని ఇప్పటికీ 'కట్టుబడి మాన్యం' అనే పిలుస్తారు. అది మాది కాదు. మా అబ్బ తాతల నాడే పోయింది, ఎన్ని చేతులు మారిందో. మా జేజి ఆ గట్టు మీద నడిచేటప్పుడల్లా చెప్పులు చేతిలో పట్టుకొని నడిచేది. ఎందుకని అడిగితే "మనదిరా నాయనా" అనేది, అంతే. ఆ భూమి కోసమే మావాళ్ళు నరసింహారెడ్డి వెంట పోయారని, పోయినవాళ్ళలో ఒకడు తిరిగి రాలేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏమీ లేదు, చెప్పుకోవడమే.

నరసింహారెడ్డికి పదకొండు రూపాయలు పోయాయి, నిజమే. ఆయన వెనుక నడిచినవాళ్ళకి అన్నం పెట్టే నేల పోయింది. ఈ రెండూ కలిసిన రోజునే ఖజానా తలుపు విరిగింది. పాలెగాడు ఒక్కడే అయితే వచ్చిన మరుసటి రోజే పట్టుబడేవాడు. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ దళాలు వెంటపడితే ఆయన దువ్వూరు దాకా పోయి అక్కడి ఖజానా మీదా పడ్డాడు, గిద్దలూరు దగ్గర రాత్రి పూట వాట్సన్ మీద దాడి చేసి నల్లమలలోకి జారుకున్నాడు. తల మీద వెయ్యి రూపాయల బహుమానం పెట్టినా అక్టోబరు దాకా దొరకలేదు. వానాకాలం మొదలు నుంచి చివరి దాకా అన్నమాట. ఎవరు దాచారు? ఎవరు సంకటి ముద్ద తీసుకుపోయి ఇచ్చారు? కొండలో దారి ఎవరు చూపించారు? వెయ్యి రూపాయలంటే ఆ కాలానికి ఒక ఊరు కొనేంత డబ్బు మా జనం కళ్ళకి. అది వద్దనుకున్నవాళ్ళు నాకు గుర్రం మీద ఉన్న మనిషంత పెద్దవాళ్ళుగా కనబడతారు.

అక్టోబరు 6న పేరుసోమల దగ్గర కొండలో ఆయన్ని పట్టుకున్నారు. తర్వాత కేసు పెట్టింది ఎంతమంది మీదో తెలుసా? 901 మంది మీద. అందులో 412 మంది మీద నేరం రుజువు కాలేదు. 112 మందికి 5 నుంచి 14 ఏళ్ళ దాకా శిక్ష పడింది. 1847 ఫిబ్రవరి 22న మా ఊరి దగ్గర జుర్రేరు ఒడ్డున కడప కలెక్టరు కాక్రేన్ ఎదుట, జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరి తీశారు. అప్పటికి కోయిలకుంట్ల కడప జిల్లాలోదే. ఆయన తలని కోట బురుజుకి కట్టి 1877 దాకా అట్లాగే ఉంచారు. ముప్పై ఏళ్ళు. ఆ దారిన సంతకి పోయిన పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లల చేయి పట్టుకొని అదే తల కింద నడిచి ఉంటారు.

ట్రైలర్‌లో గుర్రాలున్నాయి, కత్తులున్నాయి, ఎర్రకోటు సిపాయిలు బారులు తీరి ఉన్నారు. గోసాయి వెంకన్నగా అమితాబ్ గారు, అవుకు రాజుగా సుదీప్ గారు ఉన్నారు. యుద్ధం సీన్లు జార్జియా దేశంలో తీశారని చదివాను. సినిమాకి అంత హంగు అవసరమేమో, నేను తప్పు పట్టను. మూడు నిమిషాల ట్రైలర్ చూసి మూడు గంటల సినిమాని తీర్పు చెప్పేంత తొందర కూడా నాకు లేదు. కానీ అంత పెద్ద సైన్యాన్ని చూసిన పిల్లవాడికి ఆ వెనక వరుసలో ఉన్నవాడు జీతం తీసుకునే సైనికుడు అనిపిస్తుంది. వాడు సైనికుడు కాదు, భూమి పోయిన కాపలావాడు. ఈ ఒక్క సంగతి తెలియకపోతే కథంతా ఒక పాలెగాడి పౌరుషంగా మిగిలిపోతుంది, టీ అంగడిలో ఆ పిల్లవాడు అన్నమాటే గెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ దాడుల్లో చనిపోయినవాళ్ళలో కచేరీలో (సర్కారు ఆఫీసులో) పని చేసే మన తెలుగువాళ్ళు ఉన్నారు, తహసీల్దారుతో సహా. వాళ్ళకీ పెళ్ళాం పిల్లలు ఉండి ఉంటారు. సినిమాలో ఉన్నా లేకపోయినా, పిల్లలకి కథ చెప్పే పెద్దవాళ్ళు ఆ ముక్క కూడా చెప్పాలి.

'మొదటి' అనే మాట మీద జరుగుతున్న గొడవ మాత్రం నాకు అర్థం కాదు. 1857 కంటే పదేళ్ళ ముందు అంటే సరిపోతుంది, అది నిజం. మొదటివాడు అంటే 1794లో పద్మనాభం దగ్గర ప్రాణం ఇచ్చిన విజయనగరం చిన విజయరామరాజుని ఎక్కడ పెడతాం? 1799లో కయత్తారులో ఉరికంబం ఎక్కిన కట్టబొమ్మనని ఏం చేస్తాం? వీరులకి సీరియల్ నంబర్లు వేసి వాట్సాప్‌లో తిట్టుకుంటున్నారు. ఆయన ఏ కులంవాడు, ఎవరి సొత్తు అని కూడా మొదలుపెట్టారు. ఆయన వెంట బోయలు, వడ్డెలు, చెంచులు నడిచారు, వడ్డె ఓబన్న పేరు మా పాటల్లో ఈ రోజుకీ ఉంది. ఆ వెంట నడిచినవాళ్ళు ఒకరినొకరు ఇట్లా అడుక్కొని ఉంటే నల్లమల దాకా పోయేవాళ్ళే కాదు. (అదే ఉయ్యాలవాడలో పుట్టిన బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి గంజి పోసి బతికించాడు. ఆయన కథ మీద ఎవరూ కొట్లాడుకోరు, ఎవరికీ గుర్తు లేదు కనుక.)

మీ పత్రికకి నా విన్నపం ఇది. సినిమా అక్టోబరు 2న వస్తోంది. ఇంకా వారం పైన ఉంది. రోజూ సినిమా పేజీలో ట్రైలర్‌కి ఎన్ని లక్షల వ్యూస్ వచ్చాయో వేస్తున్నారు. అందులో ఒక్క రోజు, ఒక్క పేజీ, కట్టుబడి మాన్యాల గురించి వేయండి. భరణం ఎంత, ఖజానాలో ఎంత, కేసులు ఎంతమంది మీద, శిక్షలు ఎంతమందికి అనేది అంకెలతో వేయండి. ఆ కాలపు కలెక్టర్ల ఉత్తరాలు చదివిన చరిత్ర అధ్యాపకులు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు, వాళ్ళ చేత రాయించండి. రేనాటి ఊళ్ళకి ఒక విలేకరిని పంపితే పాటలు పాడే ముసలివాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. నేను తోడు వస్తాను, బస్సు చార్జీ కూడా అడగను. సినిమా వాళ్ళకి కూడా ఒక మాట. చివర్లో అందరి పేర్లూ పైకి పోతూ ఉంటాయి కదా, ఆ ముందు ఒక్క కార్డు వేయండి: 901 మంది మీద కేసు, 112 మందికి శిక్ష. ఐదు సెకన్లు చాలు.

మా అక్కకి 80 దాటాయి. చూపు తగ్గింది కానీ జేజి పాట మొత్తం ఆమెకే వచ్చు. ట్రైలర్ ఫోన్‌లో పెట్టి చెవి దగ్గర పట్టుకుంటే విని, "మనోళ్ళు యాడుండారు రా ఇందులో?" అని అడిగింది. వెనకాల ఉన్నారక్కా, కనబడరు అన్నాను. అక్టోబరు 2న మా ఊరి టాకీసులో మొదటి ఆటకి రద్దీ ఉంటుంది కనుక ఆమెని మధ్యాహ్నం ఆటకి తీసుకుపోతున్నాను. వెనక వరుసలో నడిచేవాళ్ళు తెర మీదికి వచ్చినప్పుడు చెప్పమని ఇప్పటినుంచే నాకు పని అప్పజెప్పింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
కోయిలకుంట్ల, కర్నూలు జిల్లా.
23 సెప్టెంబరు 2019