బడి గదులు కడతారా, కట్టరా? కాగితం మీద రాసివ్వండి

వెంచర్ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్తే సార్. మాది కాజీపేట దగ్గర మీరు వెంచర్ వేసిన ఊరే. మా పాప ఇక్కడి ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతోంది. మీ లోకల్ ఆఫీసులో అడిగితే సైట్ ఇంజినీర్‌ని అడగమంటారు, ఆయన్ని అడిగితే అంతా హైదరాబాద్‌లో చూసుకుంటారంటాడు, అందుకే నేరుగా మీకే రాస్తున్నా.

పోయినేడు బడి ఆవరణలో టెంట్ వేసి, కొబ్బరికాయ కొట్టి, మీ సీఎస్ఆర్ (కంపెనీ లాభాల్లోంచి సమాజం కోసం ఖర్చు చేసే) నిధులతో నాలుగు గదులు, టాయిలెట్లు కట్టిస్తామన్నారు. శిలాఫలకం మాత్రం ఆ రోజుకే తయారైంది. స్థలం కావాలని మీ ఇంజినీర్ చెబితే పెచ్చులూడే పాత గదులు రెండూ కూలగొట్టించారు. పిల్లర్లు ఛాతీ ఎత్తు దాకా లేచాయి, అంతే, ఓ రోజు మేస్త్రీలు మిల్లర్ బండి తీసుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ పిల్లర్ల మీద తుప్పు పట్టిన సలాకలు నిలబడి ఉన్నాయి. ఇంటర్వెల్‌లో పిల్లలు వాటి చుట్టూ పరుగెత్తడం చూడలేక వంట చేసే అక్క ఒక్కో సలాక మొనకు ఖాళీ వాటర్ బాటిల్ బోర్లించి సుతిలి తాడుతో కట్టింది. సెప్టిక్ ట్యాంక్ గుంత వానలకు నిండితే చుట్టూ మేమే తుమ్మకంప వేశాం. మీ మనిషి ఒక్కడూ తొంగిచూడలేదు.

లోపల సంగతి ఇంకా ఘోరం. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చుంటారు. ఇటు ఎక్కాలు గట్టిగా చెప్పిస్తుంటే అటు టీచరమ్మ నోరు విప్పి లాభం లేక బోర్డు మీద రాసి చూపిస్తుంది. చిన్నోళ్లకు వరండానే క్లాసు, జల్లు కొడితే అదీ లేదు.

పిల్లలేమో పెరుగుతున్నారు. 2023 జులైలో కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశాక ఇటువైపు భూముల మాట ఎలా మారిందో మీకు నేను చెప్పాలా, మీ బ్రోచర్ మొదటి పేజీలో ఉన్నదే అది. మీ సైట్లలో పనిచేసే ఒడిశా, బీహార్ వాళ్ల పిల్లలూ మా బడికే వస్తున్నారు, రానివ్వండి, సంతోషమే (అందులో ఒక పిల్లాడు లెక్కల్లో మా అందరి పిల్లల్నీ దాటేశాడు), కానీ వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి?

అసలు మీరు కట్టకపోవడం కన్నా, కడతామని చెప్పడమే మమ్మల్ని ఎక్కువ ముంచింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం "మన ఊరు మన బడి" పథకం కింద 26,065 బడులను మూడు విడతల్లో బాగు చేస్తామన్నారు, మొదటి విడతలోని 9,123లో మాది లేదు. సరే, వేరే దారి చూద్దామని ఎవరి దగ్గరికి వెళ్లినా "మీకు కంపెనీ కడుతోంది కదా" అని పంపించేస్తున్నారు. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ పని.

ప్లాట్లు అమ్ముడుపోక డబ్బు ఆగిందని మీ ఇంజినీర్ అంటాడు. మరి వెంచర్ ముందు గ్రానైట్ ఆర్చ్, ఫౌంటెన్ ఆగలేదే! పైగా సీఎస్ఆర్ అంటే దానధర్మం కాదు సార్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ వర్తించే కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాల్సిందే. నడుస్తున్న పనికి కేటాయించింది మిగిలితే, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో విడి ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టాలి. మీ వెబ్‌సైట్లో మా బడి రంగుల బొమ్మ ఇప్పటికీ ఉంది కాబట్టి, ఆ ఖాతాలో మా బడి పేరున ఎంత ఉందో చెప్పండి.

ముందు ఈ వారంలోనే ఆ సలాకలకు రక్షణ పెట్టించి గుంత పూడ్పించండి, దానికి ఏ బోర్డు మీటింగూ అక్కర్లేదు. తర్వాత పని ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు అప్పగిస్తారో తేదీలతో హెచ్ఎం గారికి రాసివ్వండి. కట్టే ఉద్దేశం లేకపోతే అదైనా రాసి జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు పంపండి, మా తిప్పలు మేం పడతాం. అప్పటిదాకా బ్రోచర్‌లో "నడిచే దూరంలో ఆధునిక పాఠశాల" అన్న లైన్ తీసేయండి. ఈ ఉత్తరం కాపీ, పిల్లర్ల ఫొటోలు వచ్చే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఇస్తున్నాం.

ఇట్లు,
బడి పిల్లల తల్లిదండ్రుల తరఫున