అంగిలి చూడమనండి, మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఓ సముద్రపు ఊరు. మా ఉద్దానం ప్రాంతం అనగానే అందరికీ కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి. నేను అడ్డపొగ గురించి రాస్తున్నాను.

మా అమ్మమ్మ చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునేది. గాలికి ఆరిపోదని. అదే అడ్డపొగ. చేపల గంప నెత్తిన పెట్టుకుని అలాగే ఊళ్లు తిరిగేది. ఆమె అంగిలంతా తెల్లటి పొర, దాని మీద ఎర్రటి చుక్కలు ఉన్నాయని మాకు తెలిసింది క్యాన్సర్ అని చెప్పిన రోజునే. అంతకుముందు ఓ ఆసుపత్రిలో పంటినొప్పి అని రెండుసార్లు మాత్రలిచ్చి పంపేశారు. తల పైకెత్తి నోరు తెరవమన్నవాళ్లు లేరు.

ఇప్పుడు కాంతితో క్యాన్సర్ వైద్యం గురించి చదువుతున్నాను. బంగారు నానో కణాలను కణితిలోకి పంపి పరారుణ కాంతి వేస్తే, అవి వేడెక్కి క్యాన్సర్ కణాలను చంపేస్తాయి. అసలు సంగతి ఆ తర్వాతే. చచ్చిన కణాల ముక్కలు బయటపడగానే, అప్పటిదాకా మనవేలే అని ఊరుకున్న రోగనిరోధక కణాలు వాటిని గుర్తుపట్టి మిగతా కణితి మీదా పడతాయి. ఇదింకా చాలావరకు ఎలుకల దగ్గరే ఉంది. దీనికి దగ్గరి చుట్టం లాంటి వైద్యానికి మాత్రం జపాన్ 2020లోనే అనుమతిచ్చింది. క్యాన్సర్ కణాలను వెతికి అతుక్కునే ప్రోటీన్‌కు (యాంటీబాడీ) కాంతికి స్పందించే రంగు పదార్థం అతికించి సెలైన్‌లా ఎక్కిస్తారు, మర్నాడు 690 నానోమీటర్ల ఎర్ర కాంతి వేస్తారు. అదీ తల, మెడ క్యాన్సర్లకే.

కాంతి ఒంట్లోకి ఎక్కువ లోతు పోదు. లివర్ దాకా పంపాలంటే తంటాలు పడాలి. అంగిలి నోరు తెరిస్తే కనిపిస్తుంది. అందుకే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట ఈ ప్రయోగాలు ఎప్పుడు మొదలైనా మా అడ్డపొగ ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోండి. ఖర్చు మాటంటారా, ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు, రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఖరీదైన మందు నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదోవంతు కూడా కాకుండా, 20 మిల్లీగ్రాములే కీమో మాత్రలకు తోడుగా ఇచ్చి చూశారు. ముదిరిన తల, మెడ క్యాన్సర్లో ఏడాది బతికినవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు.

ఇంకో మాట. ఆ జపాన్ మందు ఎక్కించాక కొన్ని వారాలు నేరుగా ఎండ తగలకూడదు. ఇసుకలో చేపలు ఎండబెట్టుకునే మనిషి అన్నాళ్లు ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. పోయిన ఆ కూలి కూడా చికిత్స ఖర్చుల ప్యాకేజీలో రాయించండి.

అదంతా వచ్చేలోగా ఇంటింటి సర్వేకొచ్చే ఏఎన్ఎం చేతికి ఓ టార్చిలైటు ఇప్పించండి. మొన్న మా ఇంటికొచ్చిన అమ్మాయి "సిగరెట్టు, బీడీ అలవాటుందా పిన్నీ?" అని అడిగింది. "లేదమ్మా" అంది మా పిన్ని. అబద్ధం కాదు కదా! అడ్డపొగ ఉందా అని అడిగుంటే నవ్వుతూ ఔననేది. ట్యాబ్‌లో ఆ గడి లేదట. అదొకటి పెట్టించండి.

ఇట్లు,
వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఓ సైన్సు టీచరు