ద్రాస్‌లో కట్టిన ముడుపు

సంపాదకులకు,

అయ్యా,

కార్గిల్ విజయ దినోత్సవం సందర్భంగా జూలై 26న మీ పత్రిక ప్రచురించిన ప్రత్యేక పుటలను శ్రద్ధగా చదివాను. టోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాలను మన సైన్యం తిరిగి స్వాధీనం చేసుకున్న తీరును, అమరులైన 527 మంది త్యాగాన్ని ఎంత స్మరించుకున్నా తక్కువే. అయితే ప్రాణాలతో తిరిగివచ్చినవాడు అక్కడ ఏం కోరుకున్నాడో, ఎవరిని నమ్ముకుని రోజులు గడిపాడో సాధారణంగా ఎవరూ అడగరు కనుక, 1999 కార్గిల్ యుద్ధంలో, ఆ ప్రాంతంలోని ద్రాస్ దగ్గర ఫిరంగి దళంలో గన్నర్‌గా పనిచేసిన నేను ఆ సంగతి రాయదలిచాను.

సైన్యంలో దైవభక్తికీ ఒక క్రమం ఉంటుంది. పండిత్, గ్రంథి (సిక్కుల పూజారి), మౌల్వీ, పాదరీలను జూనియర్ కమిషన్డ్ అధికారి హోదాలోనే నియమిస్తారు. శాంతికాలంలో మందిర్ పరేడ్ ఉందంటే ఉతికిన బట్టలతో హాజరు కావలసిందే. పదివేల అడుగులకు పైన, రాత్రీ పగలూ బోఫోర్స్ ఫిరంగికి గుండ్లు అందించే చోట ఆ పరేడ్ ఎక్కడిది? ఒక్కో గుండు నలభై కిలోలకు పైమాటే. మోసి మోసి భుజాలు తిమ్మిరెక్కినవాడికి శ్లోకాలు నోటికి రావు. నాకు గుర్తొచ్చింది మా అమ్మ మొక్కుకునే పద్ధతి ఒక్కటే. లంగర్‌లో, అంటే మా వంటశాలలో, చిటికెడు పసుపు అడిగి తెచ్చుకుని, గాయాలకు కట్టే గుడ్డలోంచి ఒక పీలిక చించి, పసుపు నీళ్లలో తడిపి, అందులో రూపాయి బిళ్ల పెట్టి వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టాను. పక్కనున్న పంజాబీ హవల్దార్ అదేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు, తన జేబులోంచి ఇంకో రూపాయి తీసి, దాన్నీ కలిపి కట్టమన్నాడు.

ఆ ముడుపు కట్టినప్పుడు నేను విజయం కోరలేదు, అది మా అధికారులు చూసుకుంటారులే అనుకున్నాను. కంభం చెరువు కింద మాకున్న ఎకరంలో వరి నాటుకోవడం, పిల్లవాణ్ణి సైకిల్ మీద బడిలో దింపి రావడం, అన్నిటికంటే ముఖ్యంగా పొద్దెక్కేదాకా ఎవరూ లేపకుండా పడుకోవడం, ఇవే నా కోరికలు.

2004లో పెన్షన్ మీద ఇంటికి వచ్చి, తిరుమల హుండీలో ఆ రెండు రూపాయలూ సమర్పించాను. అప్పటికి నాకు 36 ఏళ్లు. సిపాయిల్లో ఎక్కువమంది నలభై దాటకముందే ఇల్లు చేరతారన్న సంగతి చాలామందికి తెలియదు. పునరావాస శిక్షణలు ఉన్నాయి, పెన్షన్ ఉంది, 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ అనే మాజీ సైనికుల ఆరోగ్య పథకం కింద వైద్యమూ ఉంది, కాదనను. కానీ వాహనాలు బాగుచేయడం, వైర్‌లెస్ నడపడం, సర్వే చేయడం తెలిసినవాణ్ణి సైతం ‘మిలటరీ ఆయన’ అనగానే కాపలాకు పిలిచేవారే ఎక్కువ. నేనూ ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పధ్నాలుగేళ్లు రాత్రి డ్యూటీ చేశాను. పొద్దెక్కేదాకా పడుకోవాలన్న కోరిక ఆ విధంగా స్వామి తీర్చారు.

సైన్యంలో నేర్చిన పనికి బయట తగిన గుర్తింపు, తగిన ఉద్యోగం దొరికేలా ప్రభుత్వాలూ, యాజమాన్యాలూ చూడాలని కోరుతున్నాను. వచ్చే జూలైలో మీ విలేకరులు మాజీ సైనికుల దగ్గరకు వచ్చినప్పుడు, ఎందరిని ఎదిరించారన్న ప్రశ్నతో పాటు, తిరిగి వచ్చి ఏం చేద్దామనుకున్నారో కూడా అడగవలసిందిగా మనవి.

ప్రస్తుతం ఆ ఉద్యోగం మానేసి పొలం దగ్గరే ఉంటున్నాను. లేపేవారు ఎవరూ లేరు గానీ, తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తోంది.

భవదీయుడు,
ఫిరంగి దళ మాజీ సైనికుడు,
కంభం